పాత విలన్ల మీద మనసుపడ్డ దర్శకుడు

సిడ్ హేగ్ అన్న పేరు చెబితే అమెరికాలో కూడా చాలామంది తెల్లమొహం వేస్తారు. ఫొటో చూపిస్తే మాత్రం గుర్తుపడతారు. బట్టతల, గుంటలు పడ్డ చెంపలు, చిందరవందర గడ్డం, ఎదుటివాడి జేబులో ఎంతుందో చూడగానే లెక్కగట్టే కళ్లు. 1960లు, 70లలో జాక్ హిల్ లాంటి దర్శకులు తీసిన చవక సినిమాల్లో అతను రౌడీ, కాకపోతే రౌడీ పక్కన నిలబడే ఇంకో రౌడీ. ‘ది బిగ్ డాల్ హౌస్’, ‘కాఫీ’, ‘ఫాక్సీ బ్రౌన్’ అన్నిట్లోనూ ఉన్నాడు, ఏ ఒక్కదాన్నీ అతని సినిమా అని ఎవరూ అనలేదు. అవే వేషాలు వేసి వేసి విసుగెత్తి 1990ల మొదట్లో నటనకు దండం పెట్టేశాడు. అలాంటి మనిషిని అరవై దాటాక వెతికి పట్టుకొచ్చి, ముఖానికి బఫూన్ రంగు పూసి, కెప్టెన్ స్పాల్డింగ్ అనే పాత్ర ఇచ్చి, భయానక చిత్రాల అభిమానులు చొక్కాల మీద ముద్రించుకునేంత బొమ్మగా నిలబెట్టిన దర్శకుడు రాబ్ జాంబీ. ఈ దర్శకుడి గురించి మాట్లాడేటప్పుడు అందరూ రక్తం దగ్గర మొదలుపెడతారు. సిడ్ హేగ్ ముఖం దగ్గర మొదలుపెడితే తప్ప ఇతని బలం, లోపం రెండూ అర్థం కావని నా వాదన. జాంబీకి ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా మీద ఉన్న ప్రేమ ఆ సినిమాల్లోని మనుషుల మీదికి మళ్లినప్పుడు అతని చేతిలో మంచి సినిమా పుట్టింది. అదే ప్రేమ ఆ సినిమాల సరుకు మీద, అంటే హింస, బూతు, మురికి మీద వాలినప్పుడు సినిమా చేతిలోంచి జారిపోయింది.

ఆ సరుకు ఏమిటో ముందు చెప్పుకోవాలి. జనంలో ఉన్న భయాన్నో, కుతూహలాన్నో, కామాన్నో పట్టుకుని సొమ్ము చేసుకునే సినిమాను ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా అంటారు. అందులో పెద్ద తారలుండరు, పెద్ద సెట్లుండవు. పెద్ద స్టూడియోలు చూపించడానికి జంకేదాన్ని మేం చూపిస్తాం అన్న మాట ఒక్కటే దాని పెట్టుబడి. 1934 నుంచి 1968 దాకా హాలీవుడ్ స్టూడియోలు హేస్ కోడ్ అనే నియమావళికి లోబడి నడిచాయి. ఆ కంచెకు అవతల చిన్న వ్యాపారులు కాపు కాశారు. గంజాయి ప్రమాదం గురించి హెచ్చరిస్తున్నామన్న మిషతో ‘రీఫర్ మ్యాడ్‌నెస్’ వచ్చింది. ఆరోగ్య బోధ పేరు చెప్పి ప్రసవాన్ని తెరమీద చూపించి ‘మామ్ అండ్ డాడ్’ బోలెడు డబ్బు చేసుకుంది. 1963లో హెర్షెల్ గోర్డన్ లూయిస్ ‘బ్లడ్ ఫీస్ట్’ తీసి ఎర్రటి రంగును తెరంతా కుమ్మరించాడు. 1968లో పాత కోడ్ పోయి రేటింగులు వచ్చేసరికి గేట్లెత్తినట్టయింది. ఆడవాళ్ల జైలు కథలు, మోటార్‌సైకిల్ ముఠాలు, నల్లజాతి నాయికానాయకుల ప్రతీకార కథలు వరసకట్టాయి. న్యూయార్క్ 42వ వీధిలోని పాత థియేటర్లూ, ఊళ్ల చివర డ్రైవ్-ఇన్‌లూ వీటికి నెలవులు. మన ఊళ్లలో ఒకప్పుడు మార్నింగ్ షోలకు అంటించిన పోస్టర్లు చూసినవాళ్లకు ఈ వ్యాపారం విప్పి చెప్పక్కర్లేదు. పోస్టర్ మీద ఉన్నంత సినిమాలో ఉండదు.

అయితే ఆ చెత్తలోనే అడిగేవాడు లేని స్వేచ్ఛ ఒకటి ఉండేది. పైన కూర్చుని ఇది తీయొద్దు, అది మార్చు అనేవాళ్లు లేరు. అందుకే వియత్నాం యుద్ధాన్ని టీవీలో చూస్తూ ఉడికిపోయిన ఒక తరం దర్శకులు తమ కోపాన్ని అక్కడ కక్కారు. వెస్ క్రేవెన్ 1972లో ‘ది లాస్ట్ హౌస్ ఆన్ ద లెఫ్ట్’ తీశాడు. టోబ్ హూపర్ 1974లో ‘ది టెక్సస్ చైన్ సా మాసకర్’ తీశాడు. రెండోదాని గురించి ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, జాంబీని అంచనా కట్టడానికి అదే గీటురాయి. పేరులోనే రంపం, ఊచకోత ఉన్న ఆ సినిమాలో తెరమీద కనిపించే రక్తం చాలా తక్కువ. ఎండ, చెమట, ఎముకలు, ఆగని కేకలు, భోజనాల బల్ల దగ్గర ఒక అమ్మాయి కంటిపాపకు మరీ దగ్గరగా వెళ్లిన కెమెరా మాత్రం ఉన్నాయి. చూసినవాళ్లకు మాత్రం రక్తపుటేరు చూసినట్టే గుర్తుంటుంది. భయం ఎక్కడినుంచి వస్తుందో హూపర్‌కు తెలుసు.

జాంబీ ఈ సినిమాలనే తిండిగా పెరిగినవాడు. అసలు పేరు రాబర్ట్ కమింగ్స్, 1965లో మసాచుసెట్స్ రాష్ట్రం హేవర్‌హిల్‌లో పుట్టాడు. 1985లో న్యూయార్క్‌లో కట్టిన రాక్ బృందానికి ‘వైట్ జాంబీ’ అని పేరు పెట్టాడు, అది బెలా లుగోసీ నటించిన 1932 నాటి భయానక చిత్రం పేరు. 1998లో సొంతంగా విడుదల చేసిన ఆల్బమ్‌లో బాగా పేరుకెక్కిన ‘డ్రాగ్యులా’ పాట శీర్షిక ‘ది మన్‌స్టర్స్’ అనే పాత టీవీ హాస్య ధారావాహికలో తాతగారి కారు పేరు. 1999లో యూనివర్సల్ స్టూడియోవాళ్ల వినోద పార్కులో హాలోవీన్ పండక్కి భూతాల దారి ఒకటి డిజైన్ చేశాడు, అది బాగా ఆడటంతో సినిమా తీసే అవకాశం దొరికింది. ఈ వివరాలన్నీ చెప్పడం ఎందుకంటే, ఇతను పాత సినిమాల మోజును ఫ్యాషన్‌గా తగిలించుకున్నవాడు కాదు. టరంటీనో, రాబర్ట్ రోడ్రిగెజ్ కలిసి 2007లో ‘గ్రైండ్‌హౌస్’ తీసినప్పుడు, మధ్యలో లేని సినిమాలకు ఉత్తుత్తి ట్రైలర్లు పెట్టారు. వాటిలో ఒకటి జాంబీ తీసిందే. 70ల నాటి నాజీ క్యాంపు చవక సినిమాల వరసను, ఆ గీతలూ ఆ అరుపులూ సహా ఎత్తి చూపించాడు. ఆ భాష అతని మాతృభాష. చిక్కు కూడా అక్కడే ఉంది. మాతృభాషలో మాట్లాడేవాడు తను ఏమంటున్నాడో ఒక్కోసారి తనే వినడు.

మొదటి సినిమా ‘హౌస్ ఆఫ్ 1000 కార్ప్సెస్’ అలా తన మాట తను వినని సినిమా. 2000లో చాలావరకు యూనివర్సల్ ఆవరణలోనే చిత్రీకరించాడు. తయారైన సినిమా చూసి స్టూడియో బెదిరి పక్కన పడేసింది, చివరికి 2003 ఏప్రిల్‌లో లయన్స్ గేట్ విడుదల చేసింది. దారిపక్క వింతల మీద పుస్తకం రాయాలని బయలుదేరిన నలుగురు యువతీయువకులు ఫైర్‌ఫ్లై అనే హంతకుల కుటుంబం చేతికి చిక్కడం కథ. కథ అనడం కూడా పెద్ద మాటే, ‘చైన్ సా’ కథనే మళ్లీ రంగుల దీపాల కింద పెట్టాడు. రెండు నిమిషాలకోసారి సినిమా ఆగి, గీతలు పడ్డ పాత ఫిల్మ్ ముక్కో, నెగటివ్ రంగుల్లో నవ్వే ముఖమో చూపిస్తుంది. తనకు ఇష్టమైనవన్నీ ఒక్క సంచిలో కుక్కి తెచ్చినవాడి ఆత్రం అది. కానీ అదే సినిమాలో ఒక్క ఘట్టం మిగతాదంతటినీ పక్కకు నెట్టేస్తుంది. తప్పిపోయినవాళ్లను వెతుకుతూ పోలీసులు ఆ ఇంటికి వస్తారు. నేపథ్యంలో మెత్తటి పాత పల్లె పాట నడుస్తుండగా కాల్పులు నిదానంగా, కలలో జరిగినట్టు జరుగుతాయి. చివరికి మిగిలిన ఒక డిప్యూటీ మోకాళ్ల మీద ఉంటాడు. ఆ కుటుంబంలోని ఓటిస్ అతని తలకు తుపాకీ ఆనిస్తాడు. పాట ఆగిపోతుంది. కెమెరా మెల్లగా పైకి, వెనక్కి జరిగి ఆ ఇద్దరినీ చిన్న బొమ్మలు చేసి వదిలేస్తుంది. చప్పుడు లేదు, కదలిక లేదు. ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అనుకుంటూ ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి, ఇక పేలదేమో అని ఆశ పడే క్షణందాకా ఆగి, అప్పుడు పేలుతుంది. సినిమా అంతా అరిచిన దర్శకుడు అక్కడ నోరు మూసుకున్నాడు. ఆ మౌనం ఎలా పట్టాలో తెలిసినవాడు మిగతా గంటన్నర ఎందుకు పట్టలేదన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న.

దానికి జవాబు 2005లో వచ్చిన ‘ది డెవిల్స్ రిజెక్ట్స్’. అదే హంతకుల కుటుంబం, అవే పాత్రలు, కానీ ఇది ఇంకో సినిమా. రంగు దీపాలు లేవు. సూపర్ 16 ఫిల్మ్ మీద, గరుకుగా, ఎండలో తీశాడు. ఛాయాగ్రాహకుడు ఫిల్ పార్మెట్ అంతకు ముందు గని కార్మికుల సమ్మె మీద తీసిన ప్రఖ్యాత డాక్యుమెంటరీ ‘హార్లన్ కౌంటీ యూఎస్ఏ’కు పనిచేసినవాళ్లలో ఒకడు, ఆ చేతివాటం ఇందులో తెలుస్తుంది. ఇక్కడ జాంబీ పాత సినిమాల ముక్కలు తెచ్చి అతికించలేదు, పాత సినిమాల మనుషుల్ని తెచ్చి నిలబెట్టాడు. రొమేరో తీసిన ‘డాన్ ఆఫ్ ద డెడ్’ హీరో కెన్ ఫోరీ, ‘ది హిల్స్ హావ్ ఐస్’ పోస్టర్ మీద భయపెట్టిన ముఖం మైఖేల్ బెరిమన్, ‘చైన్ సా’ రెండో భాగంలో పిచ్చివాడిగా వేసిన బిల్ మోస్లీ, వీళ్లందరి నడుమ సిడ్ హేగ్. ఇలాంటి నటులను ఇతర దర్శకులూ పిలుస్తారు, అభిమానులు చప్పట్లు కొట్టడానికి ఒక్క నిమిషం చూపించి పంపేస్తారు. జాంబీ వాళ్లకు మాటలిచ్చాడు, అలసట ఇచ్చాడు, ముసలితనం ఇచ్చాడు. పోలీసుల నుంచి పారిపోతూ వ్యాన్‌లో ముగ్గురు హంతకులు వెళ్తుంటారు. స్పాల్డింగ్ కూతురు బేబీకి ఐస్‌క్రీమ్ కావాలి. ఓటిస్ కుదరదంటాడు. తండ్రి స్పాల్డింగ్ కూతురివైపు మొగ్గుతాడు. కాసేపటికి ముగ్గురి చేతుల్లోనూ ఐస్‌క్రీమ్ ఉంటుంది. ఎండాకాలం ప్రయాణంలో ఏ ఇంట్లోనైనా జరిగే తగువే అది. చూస్తున్నవాడు నవ్వుతాడు, నవ్విన మరుక్షణం అంతకుముందు వీళ్లు మోటెల్ గదిలో చేసింది గుర్తొచ్చి గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. హంతకులను ముద్దుగా చూపించడం ఏం పని అని అడుగుతారు. సినిమా చివర ఆ ముగ్గురూ నెత్తురోడుతూ కారులో కూర్చుని, ‘ఫ్రీ బర్డ్’ పాట పొడవునా, రోడ్డుకడ్డంగా నిలబడ్డ పోలీసు తుపాకుల మీదికి దూసుకెళ్తారు. వీరుల మరణం లాగే ఉంటుంది ఆ ఘట్టం. ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఈ సినిమాకు నాలుగింటికి మూడు నక్షత్రాలిచ్చాడు, ఇది రోత పుట్టిస్తుందని ఒప్పుకుంటూనే ఇచ్చాడు. నా మట్టుకు నాకు ఆ ముగింపు హంతకులకు హారతి పట్టినట్టు అనిపించదు. ఎందుకంటే అంతకుముందు జాంబీ తూకం సరిగ్గా వేశాడు. సోదరుణ్ని చంపారన్న పగతో వెంటపడిన షెరిఫ్ వైడెల్ వీళ్లను పట్టుకుని, వీళ్లు చంపినవాళ్ల ఫొటోలు వీళ్ల ఒంటికే గుచ్చి, వీళ్ల పద్ధతిలోనే చిత్రహింస పెడతాడు. చట్టం మనిషి హంతకుడవుతాడు, హంతకులు కుటుంబమవుతారు, ప్రేక్షకుడికి నిలబడటానికి చోటు మిగలదు. ఎవరివైపు ఉండాలో తెలియని ఆ స్థితే ‘లాస్ట్ హౌస్’లో క్రేవెన్ పట్టుకున్నది. తను ప్రేమించిన సినిమా వేషం వేయడం దగ్గర ఆగకుండా, ఆ సినిమా అడిగిన ప్రశ్నను మళ్లీ అడగగలిగాడు జాంబీ. ఈ సినిమా గొప్పతనం అది.

రెండో అభ్యంతరం దగ్గర మాత్రం నేను అతన్ని వెనకేసుకురాలేను. పైన చెప్పిన మోటెల్ ఘట్టంలో ఊళ్లు తిరిగి పాటలు పాడే ఒక చిన్న బృందం ఫైర్‌ఫ్లైల చేతికి చిక్కుతుంది. అందులో ఆడవాళ్లను అవమానించే తీరు, దాన్ని కెమెరా సాగదీసే తీరు కథకు కావలసిన హద్దు దాటింది. ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా అంటేనే అది కదా, ఆ సరుకు లేకుండా ఆ రకం సినిమా ఎలా అవుతుంది అని అభిమానులు అంటారు. గీటురాయి అని పైన చెప్పుకున్న ‘చైన్ సా’ను అందుకే మళ్లీ బయటికి తీయాలి. హూపర్ సినిమాలో బాధితురాలి భయం మనల్ని ఆమె పక్కన కూర్చోబెడుతుంది, కెమెరా ఆమె కళ్లలోకి వెళ్తుంది. మోటెల్ గదిలో జాంబీ కెమెరా చాలాసేపు ఓటిస్ పక్కన నిలబడింది. అవమానపడుతున్న మనిషి ముఖం దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఘట్టం సహించరానిదై నిజమవుతుంది, హింసించేవాడి సరదా దగ్గరికి వెళ్లినప్పుడు వట్టి సరుకవుతుంది. ఇలాంటిదే ఇంకొకటి ఉంది. తను 2007లో మళ్లీ తీసిన ‘హాలోవీన్’ థియేటర్లలో ఆడిన ప్రతిలో లేని ఒక అత్యాచార దృశ్యాన్ని, డిస్క్ మీద వచ్చిన పొడవాటి ప్రతిలో పెట్టాడు. మతిస్థిమితం లేని రోగిని ఆసుపత్రి సిబ్బందే చెరుస్తారు, హంతకుడు మైకేల్ తప్పించుకోవడానికి అది నెపం. థియేటర్ ప్రతిలో ఆ దృశ్యం లేకుండానే మైకేల్ తప్పించుకున్నాడు, కథకు వచ్చిన లోటేమీ లేదు. ఆ దృశ్యం అవసరం లేదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఒక స్త్రీ బాధను తాళంచెవిగా వాడి తలుపు తీసుకోవడం పాత చవక సినిమాల దురలవాటు. ప్రేమించినవాళ్ల దురలవాట్లు కూడా ముద్దొచ్చాయి జాంబీకి.

అసలు ‘హాలోవీన్’ను మళ్లీ తీయడమే కత్తిమీద సాము. జాన్ కార్పెంటర్ 1978లో మూడు లక్షల డాలర్ల పైచిలుకు ఖర్చుతో తీసిన సినిమాలో, శుభ్రమైన వీధిలో, శుభ్రమైన ఇంట్లో, మైకేల్ అనే ఆరేళ్ల పిల్లాడు అక్కను పొడిచి చంపుతాడు. ఎందుకో చెప్పరు. ఆ చెప్పకపోవడమే భయం. జాంబీ ఆ పిల్లాడికి పదేళ్లిచ్చి, బాల్యం ఇచ్చాడు. క్లబ్బులో బట్టలు విప్పి నాట్యం చేసే తల్లి, ఆమెతో ఉంటూ తిట్టిపోసే ప్రియుడు, స్కూల్లో ఏడిపించే పిల్లలు, అంట్లు పేరుకుపోయిన వంటిల్లు. సినిమా బాగా ఆడింది. సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుల్లో అమెరికాలో అప్పటికి అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసిన సినిమా అదే. కానీ చెడుకు కారణాల జాబితా రాసేసరికి చెడు చిన్నదైపోయింది. నాకు ఇంకా బాధ కలిగించేది మరొకటుంది. వెలివేసిన మనుషులంటే ప్రాణం పెట్టే దర్శకుడు, బీద ఇంటిని మాత్రం హంతకుణ్ని పొదిగే గూడుగా చూపించాడు. ఆ ఇంట్లో ప్రతివాళ్లూ ఒకే గొంతుతో, ఒకే బూతుతో మాట్లాడతారు. జాంబీ రచనలో పెద్ద లోపం ఇదే. తండ్రి, కూతురు, నర్సు, కాపలాదారు ఎవరు నోరు విప్పినా అవే తిట్లు వస్తాయి. తిట్టు మనిషి మనిషికీ మారుతుంది, అది కూడా యాసే. ఆ తేడా పట్టుకోలేని రచయిత ఎంత గట్టిగా తిట్టించినా చెవి మొద్దుబారుతుందే తప్ప ఉలిక్కిపడదు.

ఇంతటితో ఆగితే తీర్పు సులువుగా ఉండేది. కానీ 2009లో అందరూ తిట్టిపోసిన ‘హాలోవీన్ 2’ ఉంది. తెల్ల గుర్రం మీద చనిపోయిన తల్లి కనిపించడం లాంటి కలలు అందులో కొన్ని తేలిపోతాయి, నిజమే. అయినా ఆ సినిమాను వదులుకోవడానికి నాకు మనసొప్పదు. ముసుగు హంతకుల సినిమాల్లో హత్య జరిగాక కెమెరా తర్వాతి హత్యకు పరిగెత్తుతుంది. బతికినవాళ్లు ఏమయ్యారో ఎవరికీ పట్టదు. జాంబీ బతికినవాళ్ల దగ్గరే ఆగాడు. లారీ అనే అమ్మాయి నిద్రలేక, కోపంతో, తన మీద తనకే అసహ్యంతో చితికిపోతుంటుంది. ఆమెకు ఆశ్రయమిచ్చిన షెరిఫ్ బ్రాకెట్, అతని కూతురు ఆనీ ఆమెతో వేగలేక వేగుతుంటారు. మైకేల్ ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆనీ మీద జరిగిన దాడిని జాంబీ చాలావరకు మనకు చూపించడు. చితికిపోయిన గది చూస్తాం, లారీ ఒళ్లో ప్రాణం పోతున్న స్నేహితురాల్ని చూస్తాం. తర్వాత తండ్రి వస్తాడు. తండ్రిగా వేసిన బ్రాడ్ డూరిఫ్ పేరు చెబితే భయానక చిత్రాల వాళ్లకు చకీ బొమ్మ గొంతు గుర్తొస్తుంది. ఆ మనిషి గడపలో నిలబడి చూసి, ముఖమంతా కుప్పకూలి, గొంతు రాక వంగిపోతాడు. దర్శకుడి ప్రతిలో అక్కడ ఆనీగా వేసిన డానియల్ హారిస్ చిన్ననాటి నిజమైన ఇంటి వీడియో ముక్కలు కలిపాడు. ఆ నటి చిన్నపిల్లగా ఉన్నప్పుడే, 1988లో, ఇదే హాలోవీన్ వరస నాలుగో సినిమాలో మైకేల్ తరిమిన పాపగా నటించింది. ఆ సంగతి తెలిసినవాళ్లకు ఆ వీడియో గుండెను పిండుతుంది, తెలియనివాళ్లకు అది ఒక తండ్రి జ్ఞాపకం. పాత సినిమా మీద ప్రేమను ఇంత నెత్తురులేని పద్ధతిలో, ఇంత లోతుగా వాడిన దృశ్యం ఈ రకం సినిమాల్లో నాకు మరొకటి తట్టడం లేదు.

భార్య షెరి మూన్‌ను ప్రతి సినిమాలోనూ పెడతాడన్నది అతని మీద ఎప్పుడూ వినిపించే ఇంకో ఫిర్యాదు. కొన్నిచోట్ల అది సబబే, ‘హాలోవీన్ 2’లో గుర్రం పక్కన ఆమె నిలబడాల్సిన పని లేదు. కానీ 2012లో టొరంటో చిత్రోత్సవంలో మొదట చూపించిన ‘ది లార్డ్స్ ఆఫ్ సేలెమ్’ ఆ ఫిర్యాదుకు గట్టి సమాధానం. 1692లో మంత్రగత్తెలన్న నింద వేసి మనుషుల్ని ఉరితీసిన సేలెమ్ ఊళ్లో, ఇప్పటి కాలంలో హైడీ అనే రేడియో వ్యాఖ్యాత ఉంటుంది. మత్తుమందుల అలవాటు నుంచి అప్పుడే కోలుకుంటున్న మనిషి. ఒక చెక్కపెట్టెలో ఆమెకు గ్రామఫోన్ రికార్డు వస్తుంది. ఆ సంగీతం విన్నాక ఆమె పాత నరకంలోకి అంచెలంచెలుగా జారిపోతుంది. సినిమాలో పరుగులు లేవు, అరుపులు లేవు. పొడవాటి వరండా, చివర్న ఎవరూ ఉండని అయిదో నంబరు గది, ఆ తలుపు వైపు చూస్తూ నిలబడ్డ ఆమె వీపు ఉంటాయి. సుమారు పదిహేను లక్షల డాలర్లతో తీసిన ఈ సినిమాలో జాంబీ మళ్లీ తన ముసలి నటీనటుల దగ్గరికే వెళ్లాడు. జూడీ గీసన్, డీ వాలెస్, ప్యాట్రీషియా క్విన్ ముగ్గురూ టీ పోస్తూ, నవ్వుతూ, చుట్టూ చేరి ఆ అమ్మాయిని మింగేస్తారు. మెగ్ ఫాస్టర్ అరవై దాటిన వయసులో నగ్నంగా, ముడతలు దాచుకోకుండా, మంత్రగత్తెల పెద్దగా నిలబడుతుంది. వృద్ధ స్త్రీ శరీరాన్ని వెక్కిరింతకో అసహ్యానికో వాడుకునే అలవాటు పాత చవక సినిమాలది. ఇక్కడ అదే శరీరానికి అధికారం ఇచ్చాడు. తను పెరిగిన ఇంటి తప్పును ఒకసారైనా దిద్దాడు.

మిగతా సినిమాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అభిమానుల దగ్గర చందాలు పోగుచేసి తీసిన ‘31’లో మొదటి అయిదు నిమిషాలు, నలుపు తెలుపుల్లో రిచర్డ్ బ్రేక్ ముఖం కెమెరాకు ఆనుకుని మాట్లాడే ఆ ఘట్టం, అద్భుతం. తర్వాత గంటన్నర చీకట్లో కత్తులు. 2022 నాటి ‘ది మన్‌స్టర్స్’ హింసే లేని, పిల్లలు కూడా చూడదగ్గ సినిమా. హింస తీసేస్తే జాంబీ బాగుపడతాడని ఆశపడ్డవాళ్లకు అది నిరాశే మిగిల్చింది. ఈ నిరాశ నా వాదనకు బలమేనని అనుకుంటున్నాను. జబ్బు హింసలో మాత్రమే ఉంటే హింస పోగానే నయం కావాలి. ఇక్కడ రక్తం బదులు పాత టీవీ రంగులు వచ్చాయి, అంతే. ప్రాణాపాయంలోనో, దుఃఖంలోనో ఉన్న మనిషి ముఖం ముందు నిలబడాల్సి వచ్చినప్పుడే ఈ దర్శకుడు మెలకువగా ఉంటాడు. ఇష్టమైన సామాను చుట్టూ పేర్చుకోగానే కునుకు పడుతుంది.

గుండె గట్టివాళ్లు ‘ది డెవిల్స్ రిజెక్ట్స్’తో మొదలుపెట్టవచ్చు, మోటెల్ ఘట్టం దగ్గర ఆపేసినా తప్పులేదు. అంత హింస చూడలేనివాళ్లకు ‘ది లార్డ్స్ ఆఫ్ సేలెమ్’ చాలు, జాంబీ చేతిలో ఉన్న అసలు విద్య అందులో దొరుకుతుంది. ఫైర్‌ఫ్లై కుటుంబం మూడో కథ ‘3 ఫ్రమ్ హెల్’ బలహీనమైన సినిమా. దాన్ని నేను ఒక్క ఘట్టం కోసం చూడమంటాను. అప్పటికి సిడ్ హేగ్ ఆరోగ్యం పాడైంది, మొత్తం సినిమా చేసే ఓపిక లేదు. జాంబీ కథ మార్చుకుని, అతని స్థానంలో కొత్త పాత్రను పుట్టించి రిచర్డ్ బ్రేక్‌తో వేయించాడు. అయినా హేగ్‌ను వదల్లేదు. జైలు దుస్తుల్లో, చిక్కిపోయిన ముఖంతో, కెప్టెన్ స్పాల్డింగ్ కెమెరా ముందు కూర్చుని కొన్ని నిమిషాలు మాట్లాడతాడు. బఫూన్ రంగు లేదు. సినిమా 2019 సెప్టెంబర్ 16న థియేటర్లకు వచ్చింది. హేగ్ అదే నెల 21న, 80 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.